సముద్రము దాటవలసిన పత్రములు

పాఠశాల విడిచి అయిదారేండ్లయిన పిదప మన పూర్వ విద్యార్థులు కొందరు మరల మా కార్యాలయమునకు వచ్చుచుందురు. "మాస్టారూ, దోహాలో ఉద్యోగం వచ్చింది. ఈ సర్టిఫికెట్లకి ఎంబసీ ముద్ర వేయించుకుని రమ్మన్నారు. అది ఎక్కడ వేస్తారండీ?" అని వారు అడుగుదురు. వెంట వచ్చిన తండ్రులు వేరొక ప్రశ్న వేయుదురు: "గవర్నమెంటు వారు ఇచ్చిన కాగితమే కదండీ, దానికి మళ్ళీ ముద్ర ఎందుకు?" ఈ రెండవ ప్రశ్నకు సమాధానము తెలిసినచో మొదటి దానికి దారి తానే కనబడును. కావున దానితోనే మొదలుపెట్టుదుము.

మన గంజాము జిల్లా విద్యార్థికి పదవ తరగతి ధ్రువపత్రము కటకములోని మాధ్యమిక విద్యా బోర్డునుండి వచ్చును. దానిపై బోర్డు అధికారి చేవ్రాలు ఉండును. బరంపురములోని ఏ కార్యాలయమున చూపినను దానిని ఎవరును శంకింపరు. ఏలయనగా అట్టి పత్రములను వారు నిత్యము చూచుచున్నారు. అదే పత్రమును దోహా నగరములోని ఒక అధికారి బల్లపై ఉంచినచో అతడేమి చేయును? కటకము ఎచటనున్నదో, ఆ బోర్డు ప్రభుత్వమువారిదో కాదో, ఆ చేవ్రాలు నిజమైనదో కాదో అతనికి తెలియు మార్గము లేదు. అతడు ఎరిగిన ముద్ర ఒక్కటే: ఢిల్లీలో నున్న తమ దేశపు రాయబార కార్యాలయపు ముద్ర.

కావున కటకమునకును దోహాకును నడుమ ఒక గొలుసు కావలసివచ్చినది. బోర్డు అధికారి చేవ్రాలును రాష్ట్ర ప్రభుత్వమువారు ఎరుగుదురు. దాని నమూనా వారి కడ ఉండును. రాష్ట్రాధికారి చేవ్రాలును భారత విదేశాంగ మంత్రిత్వ శాఖ ఎరుగును. ఆ శాఖవారి చేవ్రాలును ఢిల్లీలోని ఖతార్ రాయబార కార్యాలయము ఎరుగును. ఆ కార్యాలయపు ముద్రను దోహాలోని వారి విదేశాంగ శాఖ ఎరుగును. ఒక్కొక్కరు తమకు ముందున్నవారిని గూర్చి సాక్ష్యము చెప్పుచు పత్రమును ముందుకు పంపుదురు. మన పెద్దలు దూరపు ఊరినుండి సంబంధము వచ్చినపుడు చేయు విచారణ ఇట్టిదే. వరుని ఎరిగినవారు మనకు తెలియరు. వారిని ఎరిగినవాడు మన మేనమామకు తెలియును. మేనమామ మాటను మనము నమ్ముదుము.

అయితే సంబంధపు విచారణకును దీనికిని ఒక పెద్ద భేదము కలదు. మేనమామ వరుని గుణగణములను గూర్చి చెప్పును. ఈ ముద్రలు పత్రములోని విషయమును గూర్చి ఏమియు చెప్పవు. "ఈ చేవ్రాలు ఫలానా అధికారిది, అతడు ఆ పదవిలో ఉండి చేసినది, ఈ ముద్ర ఆ కార్యాలయముదే" అని మాత్రమే చెప్పును. పత్రములో పేరు తప్పుగా పడియున్నచో, పుట్టిన తేది తారుమారైయున్నచో, ఆ తప్పుపైననే నాలుగు ముద్రలు పడును. ముద్రలు ఎన్ని ఎక్కువైన తప్పు అంత గట్టిపడును. ఈ ఒక్క మాటను పాఠకులు మనసున నిలుపుకొనవలెనని మా కోరిక. ఏలయనగా మన వంటి భాషా అల్పసంఖ్యాకుల విషయమున చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. దానిని కొంత తరువాత విపులముగా చెప్పెదము.

ముందు దారి మాట. పత్రము ఏ రాష్ట్రమున పుట్టినదో ఆ రాష్ట్ర ప్రభుత్వమే దానికి మొదటి సాక్షి. మన భాష ఏది, మనము ఇప్పుడు ఎక్కడ నివసించుచున్నాము అనునవి అచట లెక్కకు రావు. తెలుగువారము గనుక మన పత్రములు హైదరాబాదుకో అమరావతికో పోవలెనని కొందరు భావించుచున్నారు. అది సరి కాదు. ఒక ఉదాహరణము చూతము. బరంపురములో పుట్టి, ఇక్కడనే పదవ తరగతి చదివి, పిమ్మట విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయపు పట్టము పొందిన యువకుడు ఉన్నాడనుకొందము. అతని జనన పత్రమును, పదవ తరగతి పత్రమును ఒడిశా ప్రభుత్వాధికారి ధ్రువీకరింపవలెను. పట్టాను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాధికారి ధ్రువీకరింపవలెను. హోసూరులో చదివి బెంగుళూరులో పట్టము పొందినవానికి తమిళనాడు, కర్ణాటక రెండును కావలెను. యానాములో చదివి కాకినాడలో కళాశాలకు పోయినవానికి పుదుచ్చేరి, ఆంధ్రప్రదేశ్ కావలెను. విద్యాపత్రములకు ఒక శాఖ, జనన వివాహ పత్రములకు మరియొక శాఖ ఉండుటయు కద్దు. ఈ మొదటి మెట్టుననే కాలము ఎక్కువ పట్టును. విశ్వవిద్యాలయమువారిని అడిగి పట్టా నిజమా కాదా అని తేల్చుకొనిన పిదపగాని కొన్ని రాష్ట్రములవారు చేవ్రాలు చేయరు. కావున వీసా వచ్చిన పిదప పరుగెత్తుటకంటె, ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టిననాడే ఈ పని మొదలుపెట్టుట మేలు.

రాష్ట్రము దాటిన పిదప పత్రము విదేశాంగ మంత్రిత్వ శాఖకు పోవును. 2012 నుండి ఆ శాఖవారు ప్రజలనుండి పత్రములను నేరుగా తీసికొనుట మాని, తాము నియమించిన సంస్థల ద్వారా తీసికొనుచున్నారు. 2019 జనవరినుండి ఈ పని ఢిల్లీలోనే గాక హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు, ముంబయి, కలకత్తా మొదలగు నగరములలో కూడ జరుగుచున్నది. నియమిత సంస్థల పేర్లు మంత్రిత్వ శాఖవారి ప్రకటనలో ఉన్నవి. వీధి చివర బల్ల వేసికొని "అన్నియు మేమే చేయింతుము" అను దళారి ఆ పట్టికలో ఉన్నాడో లేడో చూచి గాని అసలు పత్రమును అతని చేతికి ఈయరాదు.

ఇక్కడినుండి దారి రెండుగా చీలును. ఏ చీలిక పట్టవలెనో పోవు దేశమును బట్టి యుండును.

పూర్వము ఒక్కటే దారి ఉండెడిది: ప్రతి పత్రమును ఆయా దేశపు రాయబార కార్యాలయమునకు కొనిపోయి ముద్ర వేయించవలసినదే. ఈ శ్రమను తగ్గించుటకై హేగ్ నగరమున 1961 అక్టోబరు 5వ తేదీన ఒక అంతర్జాతీయ ఒప్పందము కుదిరెను. దాని సారాంశము ఇది: ఒప్పందములోని దేశములు ఒకదానినొకటి నమ్మును, పత్రము పుట్టిన దేశమున నియమితుడైన ఒక అధికారి ఒక చిన్న ధ్రువపత్రమును అంటించినచో చాలును, ఇక రాయబార కార్యాలయమునకు పోనక్కరలేదు. ఆ చిన్న పత్రమును అపోస్టిల్ అందురు. ఇది ఫ్రెంచి మాట. అంచున చేర్చిన వ్రాత అని దాని భావము. ఒప్పందము దాని రూపమును కూడ నిర్ణయించినది. నాలుగు ప్రక్కల 9 సెంటీమీటర్లకు తక్కువ కాని చతురస్రము, పైన ఫ్రెంచి భాషలో శీర్షిక, క్రింద పది అంశములు. దేశమేది, చేవ్రాలు ఎవరిది, ఏ పదవిలో చేసినది, ముద్ర ఎవరిది, ఎచట, ఎన్నడు, ఎవరిచే, ఏ సంఖ్యతో, తుదకు ముద్ర, చేవ్రాలు. ఆ సంఖ్యను అధికారి తన రిజిష్టరులో ఎక్కించవలెను. పరదేశపు అధికారికి అనుమానము కలిగినచో ఆ సంఖ్య చెప్పి అడుగవచ్చును. ఒక పుట కూడ లేని ఈ నమూనా నేడు 120కి పైగా దేశములలో చెల్లుచున్నది.

భారతదేశము ఈ ఒప్పందమున 2004 అక్టోబరులో చేరగా, అది మనకు 2005 జూలై 14నుండి అమలులోనికి వచ్చినది. మంత్రిత్వ శాఖవారు ప్రతి అపోస్టిలుకు 50 రూపాయలు రుసుము తీసికొందురు. పత్రములను సేకరించు సంస్థ రుసుము వేరు. అపోస్టిల్ కాని మామూలు ధ్రువీకరణమునకు శాఖకు చెల్లించవలసిన రుసుము లేదు. 2017లో ఇ-సనద్ అను పద్ధతి కూడ వచ్చినది. పత్రము నిచ్చిన సంస్థ తన రికార్డులను దానిలో చేర్చియున్నచో ఇంటనుండియే దరఖాస్తు చేసికొనవచ్చును. మన బోర్డు చేరినదో లేదో ముందు చూచుకొనవలెను.

ఒప్పందములో లేని దేశములకు పాత దారియే. ఈ వ్యాసము వ్రాయునాటికి ఖతార్, కువైట్, సంయుక్త అరబ్ ఎమిరేట్లు ఈ కోవకు చెందినవి. మంత్రిత్వ శాఖ ముద్ర పడిన పిదప ఆ దేశపు రాయబార కార్యాలయమునకు పోయి, అచట చేరిన తరువాత వారి విదేశాంగ శాఖ ముద్ర కూడ వేయించుకొనవలెను. అరబ్బు దేశములన్నియు ఒకటే అని తలపరాదు. ఒమాన్, బహ్రెయిన్ ముందే ఒప్పందమున చేరినవి. సౌదీ అరేబియాకు 2022 డిసెంబరు 7నుండి అపోస్టిల్ చాలును. కెనడాకు 2024 జనవరి 11నుండి చాలును. 2015లో సౌదీకి పోయివచ్చిన అన్నగారు చెప్పిన దారి అప్పటికి సరియైనదే, నేడు కాదు. అన్నగారి మాటకు ఎదురు చెప్పుట కష్టమే గాని, హేగ్ సంస్థవారి పట్టికను ఒకసారి చూచిన పిమ్మటనే బయలుదేరవలెను. ఒక దేశము క్రొత్తగా చేరినపుడు మునుపటి సభ్యదేశము అభ్యంతరము తెలుపుటకు ఒప్పందమే వీలు కల్పించినది. అట్లు తెలిపినచో ఆ రెంటి నడుమ అపోస్టిల్ చెల్లదు. కావున పట్టికలో దేశపు పేరు ఉన్నంత మాత్రమున చాలదు. మన దేశముతో దానికి అమలులో ఉన్నదా అని కూడ చూడవలెను.

మన తాతల కాలమున ఈ గొడవ లేకుండెను. గోపాలపురము రేవున ఓడనెక్కి రంగూనుకు కూలికి పోయినవారు ఏ రాయబార కార్యాలయమును చూచియుండలేదు. 1937 ఏప్రిల్ 1వ తేదీన విడిపోవువరకు బర్మా బ్రిటిషు ఇండియాలోని ఒక రాష్ట్రమే. యానామువారి కథ దీనికి భిన్నము. 1954 నవంబరు వరకు వారు ఫ్రెంచి పాలనలో నుండిరి. చట్టరీత్యా విలీనము 1962 ఆగస్టు 16న పూర్తియైనది. ఫ్రెంచి భాషలో నమోదైన తాతల జనన పత్రములు గల కుటుంబములు అచట ఉన్నవి. అట్టి కాగితములను పారవేయక దాచుకొనుడు. వంశానుక్రమమును చూపవలసివచ్చినపుడు వానిని మించిన సాక్ష్యము ఉండదు.

ఇక పేరు విషయము. ముందు విపులముగా చెప్పెదమన్నది దీనినే.

మన పిల్లల పేర్లు ఇంట తెలుగున పిలువబడును, పురపాలక సంఘపు జనన రిజిష్టరులో రాష్ట్ర భాషలో వ్రాయబడును, పాఠశాలలో మరల తెలుగునను ఆంగ్లమునను ఎక్కును, పాసుపోర్టులో ఆంగ్లమున ముద్రితమగును. ఒక్కొక్క గడప దాటునపుడు పేరు కొంచెము మారుచుండును. ఒడియా భాషా వ్యవహారమున వకారము సాధారణముగా బకారముగా పలుకబడును. కావున మన విశ్వనాథము బిశ్వనాథ్ అగును, వాసుదేవుడు బాసుదేవ్ అగును. మొదటి యకారమును జకారముగా పలుకుదురు గనుక యశోద జశోద యగును. తమిళ లిపిలో క గలకు ఒక్కటే అక్షరము, త దలకు ఒక్కటే, ప బలకు ఒక్కటే. కావున దామోదరము తామోదరన్ అయి ఆంగ్లమునకు ఎక్కుట కద్దు. దక్షిణాదివారు తకారమునకు ఆంగ్లమున 'టి' ప్రక్కన 'హెచ్' చేర్చుదురు, ఉత్తరాదివారు చేర్చరు. లలిత అను చిన్న పేరే ఇట్లు రెండు విధములగును. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు గనుక అచట అక్షరముల చిక్కు తక్కువ.

ఇంటిపేరు అంతకంటె పెద్ద చిక్కు. మనవారు ఇంటిపేరును ముందు వ్రాయుదురు, తరచు ఒక్క పొడి అక్షరముగనే. తమిళదేశమున పొడి అక్షరమనగా తండ్రి పేరు. హోసూరు బాలునికి ఒక పత్రములో ఇంటిపేరు అక్షరమును, మరియొక దానిలో తండ్రిపేరు అక్షరమును పడుట మేము చూచినదే. షోలాపురపు తెలుగువారి పేర్లు మహారాష్ట్ర పద్ధతిని, తన పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు అను వరుసలో నడచును. పాసుపోర్టు దరఖాస్తులో ఇంటిపేరునకు వేరు గడి, సొంత పేరునకు వేరు గడి. పొడి అక్షరములను విప్పి పూర్తిగా వ్రాయవలెను. పదవ తరగతి పత్రములో పొడి అక్షరము మాత్రమే యుండి, పాసుపోర్టులో పూర్తి పేరు ఉన్నచో, దోహాలోని అధికారికి అవి ఇద్దరు మనుష్యుల పత్రములుగా కనబడవచ్చును. అతనిని నిందించుటకు లేదు. మన ఊరిలో జశోదయు యశోదయు ఒక్కతెయే అని అతనికి ఎవరు చెప్పవలెను?

ఈ చిక్కును ఏ ముద్రయు విప్పలేదు. రెండు పేర్లును ఒక్కనివే అని నోటరీ యెదుట ప్రమాణపత్రము వ్రాయించుట కలదు. అది కొన్నిచోట్ల చెల్లును, కొన్నిచోట్ల చెల్లదు. సరియైన చికిత్స మూలముననే చేయవలెను. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము, బిడ్డ పేరు లేకుండ జననము నమోదైయున్నచో, 12 నెలలలోపల రుసుము లేకుండను, తరువాత 15 సంవత్సరముల వరకు ఆలస్య రుసుముతోను పేరు చేర్పించవచ్చును. తప్పుగా పడిన వివరమును సరిచేయు అధికారమును రిజిస్ట్రారుకు ఆ చట్టమే ఇచ్చినది. జననమే నమోదు కాక ఒక సంవత్సరము దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కావలసివచ్చును. 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి పాఠశాల ప్రవేశమునకును, పాసుపోర్టునకును పుట్టిన తేదీకి జనన పత్రమే ఆధారమని చట్టమును సవరించిరి. కావున నేడు ఉయ్యాలలో నున్న పిల్లల విషయమున తల్లిదండ్రులకు తరువాత సర్దుకొందమను వీలు మునుపటివలె ఉండదు.

పెద్ద పిల్లల విషయమున గడువు తొమ్మిదవ తరగతి. ఆ యేడు బోర్డునకు పంపు పట్టికలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది ఎట్లుండునో, పదవ తరగతి పత్రమున అట్లే అచ్చగును. ఆ పట్టికను పంపుటకు పూర్వము ఇంటికి చూపించి తల్లిదండ్రుల చేవ్రాలు తీసికొనుచున్నాము. అనేకులు చదువకయే చేవ్రాలు చేసి పంపుచున్నారు. దయచేసి జనన పత్రమును, ఆధారు కార్డును ప్రక్కన పెట్టుకొని అక్షరమక్షరము పోల్చుడు. ఆంగ్లము రానివారు ఇంటనున్న పెద్ద పిల్లలచేత చదివించుకొనుడు. పత్రము అచ్చయిన పిదప మార్పు కోరినచో బోర్డు నిబంధనలు, రుసుములు, గడువులు, తిరుగుళ్ళు తప్పవు. పాఠశాలవారము అప్పుడు చేయగలది స్వల్పము.

మరికొన్ని చిన్న సంగతులు చెప్పెదము. పత్రమునకు మెరుగు కాగితము అంటించి లామినేషను చేయించుట మన తల్లిదండ్రులకు మహా ప్రీతి. ముద్రయు అపోస్టిలును కాగితముపై పడవలెను. దానికి తావు లేకుండ మూసివేసిన పత్రమును పలు కార్యాలయములవారు త్రిప్పి పంపుదురు. కాగితపు సంచిలో పెట్టి పెట్టెలో దాచిన చాలును. రాష్ట్ర భాషలోని పత్రమునకు ఆంగ్లముననో అరబ్బీలోనో అనువాదము కోరుదురు. అనువాదముపై పడు ముద్ర కూడ అనువాదకుని లేక నోటరీ చేవ్రాలునకే సాక్షి గాని, అనువాదము సరియైనదని కాదు. కావున అనువాదములో పేరు పాసుపోర్టులోని వర్ణక్రమముననే ఉన్నదా అని మనమే చూచుకొనవలెను. పోలీసువారి నడవడి పత్రము కొలది మాసములే చెల్లును గనుక దానిని చివర తీసికొనుట తెలివి. పదవ తరగతి ఉత్తీర్ణత పత్రమునకు ఇంకొక ఉపయోగము కూడ కలదు. 1983 నాటి వలసల చట్టము క్రింద, గల్ఫు దేశములతో సహా 18 దేశములకు ఉద్యోగార్థము పోవువారిలో పదవ తరగతి తప్పినవారు సాధారణముగా వలస సంరక్షణాధికారి అనుమతి పొందవలెను. ఉత్తీర్ణులకు అది అక్కరలేదు. ఆ అనుమతి కార్మికుని రక్షణకై ఏర్పడినదే. దానిని తప్పించెదనని చెప్పి సందర్శకుని వీసాపై పంపువాని మాట వినరాదు.

తుదకు, తిరిగి వచ్చువారి మాట. విదేశమున ఉద్యోగము చేయుచు అచటనే బిడ్డను కనిన దంపతులు, కొన్ని యేండ్లకు ఆ బిడ్డను మన పాఠశాలలో చేర్చుటకు తెచ్చుచున్నారు. అప్పుడు ఈ గొలుసు తిరుగబడును. ఆ బిడ్డ జనన పత్రము అచట పుట్టినది. కావున అచటి అధికారులే దానికి మొదటి సాక్షులు. ఒప్పందములోని దేశమైనచో వారి అపోస్టిలును, కానిచో వారి విదేశాంగ శాఖ ముద్రయు, అచటి భారత రాయబార కార్యాలయపు ముద్రయు వేయించుకొని రావలెను. ఇక్కడికి వచ్చిన పిదప ఆ పని మిక్కిలి కష్టము. అంతకంటె ముఖ్యమైనది, 2004 డిసెంబరు 3 తరువాత విదేశమున పుట్టిన బిడ్డకు తల్లిదండ్రులవలన భారత పౌరసత్వము రావలెనన్నచో, పుట్టిన ఒక సంవత్సరము లోపల భారత దౌత్య కార్యాలయమున నమోదు చేయించవలెను. గడువు దాటినచో కేంద్ర ప్రభుత్వపు అనుమతి కావలెను. అట్లు నమోదు కాని బిడ్డతో స్థిరనివాసమునకై తిరిగి వచ్చినవారు, బిడ్డ ఇక్కడ చేరిన 60 దినముల లోపల 1969 చట్టము క్రింద జననమును ఇచటనే నమోదు చేయించుకొనవచ్చును. అయితే ఆ నమోదు జననమునకే గాని పౌరసత్వమునకు కాదు. దోహాలోను దుబాయిలోను ఉన్న మన పూర్వ విద్యార్థులకు ఈ సంచిక చేరినచో, ఈ రెండు గడువులను ఇంటి గోడ క్యాలెండరుపై గుర్తించుకొనుమని కోరుచున్నాము.